గ్రంథాలయమున తత్త్వాన్వేషణ

గురూపదేశముండగా గ్రంథాలయములను వెదకుట ఎందులకని కొందరు భక్తులు ప్రశ్నింతురు. ఉపదేశమునకు ఏ లోటును లేని భగవద్రామానుజులే, శ్రీభాష్యరచనకు ముందు బోధాయనవృత్తిని చూచుటకై కూరేశులతో కాశ్మీరమునకు ఏగిరని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. శ్రీరంగమెక్కడ, కాశ్మీరమెక్కడ! లభించిన గ్రంథమును అచటివారు మార్గమధ్యమున మరల తీసికొనిపోగా, రాత్రులయందు దానిని చదివి ధారణ చేసియుండిన కూరేశులే ఆచార్యులకు గ్రంథాలయమైరి. ఆ వృత్తి నేడు లభ్యము కాదు. ఆచార్యులు వృత్తికారుని పేర్కొని ఉదాహరించినందుననే దాని వాక్యములు కొన్నియైనను మనకు దక్కినవి. ఆధారమును దాచక చెప్పుట పరిశోధకుని ప్రథమధర్మము.

అంతకంటె కష్టమైన ధర్మము మరియొకటి కలదు. శ్రీభాష్యమున జిజ్ఞాసాధికరణమందు అద్వైతపక్షమును మహాపూర్వపక్షముగా సవిస్తరముగా నిలిపిన పిమ్మటనే సిద్ధాంతము ఆరంభమగును. ప్రతిపక్షిని అతని మాటలలోనే వినుట గదా అది! మనమో, గ్రంథాలయమున మన సంప్రదాయపు బీరువాను దాటి చేయి చాపము. ఖండనగ్రంథమును చదివి, ఖండింపబడిన గ్రంథమునే చదివితిమనుకొందుము. పరులననేల? శతదూషణిని చేతబట్టిన ఈ వ్రాతగానికి ప్రక్క అరలోని శాంకరభాష్యమును దింపుటకు పది సంవత్సరములు పట్టినవి.