జంబో అను పేరు

ఒక దినమున మాదన్నపేట కూరగాయల మండీలో నా వెంట వచ్చిన సండేస్కూలు పిల్లవాడు, "జంబో ఉల్లి! జంబో ఉల్లి!" అను కేక విని, "అయ్యగారూ, జంబో అంటే ఏమిటండి?" అని అడిగెను. "చాలా పెద్దది" అని చెప్పితిని. "ఆ మాట ఎక్కడిదండి?" అని మరల అడిగెను.

ప్రియ చదువరులారా, ఆ మాట ఒక ఏనుగు పేరువలన వ్యాపించినది. అంతకుముందే ఇంగ్లీషువారు మోటుగా, భారీగా ఉండు మనుష్యుని అట్లు పిలుచుట కలదు. అయితే ఆఫ్రికాలో పట్టబడిన ఒక గున్న ఏనుగు 1865లో లండను జంతుశాలకు చేరి, జంబో అను పేర పెరిగి, వేలాది పిల్లలను వీపున మోసెను. 1882లో బార్నం అను అమెరికా సర్కసు యజమాని దానిని కొనిపోగా, ఆ పేరు దేశదేశములకు ప్రాకి, పెద్ద వస్తువుకెల్ల చెల్లెను. మంత్రులు ఎక్కువైనయెడల మన పత్రికలు సహితము జంబో మంత్రివర్గమని వ్రాయును.

మరి ఆ ఏనుగు సంగతి ఏమి? పగలు పిల్లలను మోసిన ఆ మృగము రాత్రులయందు గోడలను కుమ్మి తన దంతములను విరుగగొట్టుకొనెడిది. 1885లో కెనడాలో రైలు తగిలి చనిపోయెను. మన కాలపు శాస్త్రజ్ఞులు దాని ఎముకలను పరీక్షింపగా, తగని మేతవలన నమలు పండ్లు వంకరపోయినవనియు, పడుచు వయస్సుననే కీళ్లు ముసలి ఏనుగు కీళ్లవలె చెడినవనియు తేలెను. ఆ నొప్పియే రాత్రుల కోపమునకు కారణమై యుండవచ్చును. లోకమంతయు దాని పరిమాణమును చూచెను. దాని నొప్పిని చూడలేదు.

మన భాషలో 'పెద్ద' అను మాట ఆకారమునకును చెల్లును, మనుష్యునికిని చెల్లును. మా సంఘములో ఒకరిని చాలా ఏండ్లు 'పెద్దగారూ' అని పిలిచితిమి. తగవు తీర్చవలెనన్న ఆయనయే, పందిరి వేయవలెనన్న ఆయనయే, కానుక చాలకపోయిన ఆయనయే. ఆయన అప్పులపాలై రాత్రులు నిద్రలేక యుండిన సంగతి భూస్థాపన దినమున ఆయన భార్య నోట వింటిని. పెద్ద గనుక మోయగలడనుకొంటిని. ఆ తప్పు నాదే.

యెష్షయి యింట ఎత్తైన కుమారుని చూచి సమూయేలు ప్రవక్తయంతవాడే పొరబడెను. దేవుడైతే హృదయమును చూచెను.

మీ గ్రామ సంఘములోను ఒక పెద్ద కలడు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆయనకు ఏ పనియు చెప్పకుడి. ప్రక్కన కూర్చుండి, "అయ్యా, రాత్రులు నిద్ర పట్టుచున్నదా?" అని అడుగుడి.