శాంతము ఎవ్వరిది?

ఆంగ్లదేశమున సఫోక్, ఎసెక్స్ మండలముల నడుమ పారు స్టౌర్ నది యొడ్డున, ఫ్లాట్‌ఫర్డ్ అనుచోట, చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ తండ్రికి పిండిమర యొకటి యుండెను. ఆ మర చెంత లోతులేని నీటిలో నిలిచిన ఖాళీ బండిని, ఎడమవైపు పాత యింటిని, ఆవల ఎండ పరచుకొన్న గడ్డినేలలను, వానయో వెలుగో తేల్చుకొనని మబ్బుల యాకాశమును 1821లో ఆయన ‘ది హే వెయిన్’ అను పటమున రచించెను. లండన్ నేషనల్ గ్యాలరీలో దాని యెదుట నిలిచినవానికి మనసు నెమ్మదించును. ఆ నెమ్మది ఎవ్వరిది?

నదిదనుటకు వీలులేదు; స్టౌర్ ఆనాడు ధాన్యపు పడవలు నడచు వ్యాపారమార్గము. బండివానిదనుటకును వీలులేదు, అతడు పనిలోనున్నాడు. దూరపు పొలములో చుక్కలవలె కనబడు కూలివారిదా? మరుసటి యేడే ఆ ప్రాంతమున కడుపు మండిన కూలీలు నూర్పుయంత్రములను విరుగగొట్టిరి, వాములకు నిప్పుపెట్టిరి. ఆ వార్త తమ్ముని ద్వారా చిత్రకారునికిని చేరెను.

ఆయన యా పటమును నదీతీరమున గాక, మునుపు గీచికొన్న చిత్తుపటముల యాధారమున లండన్‌లోని తన చిత్రశాలలో నిర్మించెను. మర వ్యాపారము తమ్ముడు ఏబ్రమ్ చేతిలో నుండెను. బాల్యమున తన యింటి యాస్తిగా నెరిగిన నీరు ఇప్పుడు ఆయనకు స్మృతి మాత్రమే. ఇట్టి నెమ్మదినే మన యలంకారశాస్త్రము శాంతరసమనును. నాట్యశాస్త్రమున భరతుడు చెప్పిన యెనిమిది రసములకు తోడుగా దానిని నిలిపిన అభినవగుప్తాది యాలంకారికులు, కావ్యానుభవమున ‘నాది, పరునిది’ యను భేదము కరగునని బోధించిరి. ఆ కరగుటయే యీ పటమున నదియై పారుచున్నది.

అట్లైన ఆకలిని మరచి సౌందర్యమును గ్రోలుట ధర్మమా యని యడుగువారుందురు. ఆ ప్రశ్న న్యాయమైనది. శాంతరసము లోకవ్యవస్థకు యోగ్యతాపత్రము నీయదు. మమకారము తొలగిన చూపును మాత్రమే యిచ్చును. అట్టి చూపు నదిని ఎంత నిర్మలముగా కాంచునో, ఎండలో వంగిన కూలివాని వీపునంత స్పష్టముగా కాంచవలెను; వానిని విడిచి నీటి మెరపును మాత్రమే యేరుకొన్నచో మనము పొందినది సుఖమే గాని శాంతము గాదు.