అమ్మొద్దనే హక్కు ఎవరిది?

వారసత్వంగా వచ్చిన ఇంటిని అమ్మాలా వద్దా అన్న తగువులో రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉంటాయి. ఇల్లు ఎవరిదన్నది ఒకటి. ఎవరిదో తేలాక, అమ్మకాన్ని ఆపే అధికారం మమకారానికి ఉందా అన్నది రెండోది. చట్టం మొదటిదానికే జవాబు చెబుతుందని చాలామంది నమ్మకం. రెండోదానికీ కొంత చెబుతుంది.

గోదావరి జిల్లాలో ఒక మండువా లోగిలిని ఊహించుకోవచ్చు. తాత స్వార్జితంతో కట్టించాడు. 1956 తరవాత ఆయన వీలునామా రాయకుండా పోతే, వారసుడిగా మిగిలిన ఒక్క కొడుక్కి దక్కింది. ఇప్పుడు ఆ కొడుకూ, ఆయన భార్యా లేరు. రాజమండ్రిలో కూతురు, అమెరికాలో కొడుకు ఉన్నారు. అక్క అమ్ముదామంటుంది. తమ్ముడు వద్దంటాడు.

"అది తాత ఇల్లక్కా," అన్నది తమ్ముడి పూర్వపక్షం. "ఉన్నన్నాళ్లూ అనుభవించాల్సిందే గానీ అమ్మడానికి మనమెవరం? మన పిల్లలకీ, పుట్టబోయేవాళ్లకీ అందులో భాగం ఉంది."

ఈ వాదానికి వయసు ఎక్కువే. పుట్టుకతోనే కొడుక్కి తాతల ఆస్తిలో స్వత్వం వస్తుందని విజ్ఞానేశ్వరుడి మితాక్షర చెప్పింది. పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయముగా తెలుగులోకి తెచ్చాడు. యజమాని పోయాకే వారసుడికి హక్కు పుడుతుందని బెంగాల్లో జీమూతవాహనుడి దాయభాగం వాదించింది. తెలుగు నేల మితాక్షర వైపుది. తమ్ముడు ఆ సంగతి చదివి ఉండకపోవచ్చు, కానీ మాట్లాడుతున్నది ఆ భాషే.

అయితే ఈ ఇంటికి అది వర్తించదు. తాత స్వార్జితం 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుక్కి వస్తే, అది ఆ కొడుకు సొంత ఆస్తి అవుతుందని, మనవలకు అందులో జన్మహక్కు ఉండదని చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు 1986లో తేల్చింది. ఊళ్లో 'తాతల నాటి ఇల్లు' అనిపించుకునేవాటిలో చాలా ఇళ్లు ఈ లెక్కన పిత్రార్జితాలు కావు.

అక్క చట్టం దాకా వెళ్లలేదు. "పుట్టగానే హక్కు వచ్చేస్తే నాన్న ఉన్నప్పుడే మనకీ ఉండాలి కదరా. తాత ఇచ్చిన కొబ్బరితోట అమ్మి నిన్ను ఎమ్మెస్‌కి పంపినప్పుడు మన సంతకాలు అడిగారా? తాతని అమ్మేశామని ఎవరైనా అన్నారా?"

"తోట వేరు, ఇల్లు వేరు. తోట ఫలసాయం కోసం. ఈ ఇంట్లో మనుషులు పుట్టారు, పోయారు."

ఈ తేడా ఉత్త సెంటిమెంటు కాదు. చట్టమే దీన్ని ఒప్పుకుంది. ఉమ్మడిగా ఉన్న నివాసగృహంలో ఒకరి వాటాను బయటివాడు కొన్నా, ఇంట్లో ఉమ్మడి స్వాధీనం కోరలేడని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. అతను పంపకాల దావా వేస్తే, ఆ వాటాను కుటుంబసభ్యుడు వెలకట్టి కొనుక్కోవచ్చని 1893 విభజన చట్టం చెబుతుంది.

కానీ ఇదే ఆదరణకు ఇంకో ముఖం ఉంది. 1956 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగ వారసులు పంచుకోదలిస్తే తప్ప ఆడ వారసులు పంపకం అడగడానికి వీల్లేదు. అవివాహితో, వితంతువో, భర్త వదిలేసినదో, భర్తకు దూరంగా ఉంటున్నదో అయితేనే కూతురికి అక్కడ ఉండే హక్కు. 2005 సవరణ ఆ సెక్షన్‌ని తీసేసింది. ఇంటి పవిత్రత పేరుతో దాదాపు యాభై ఏళ్లు ఆగింది కూతుళ్ల వాటానే. అమ్మొద్దనే మాట ఎంత మెత్తగా ఉన్నా, ఈ చరిత్ర దాని వెనకే నడుస్తుంది.

"నీ వాటా నేను కాదనడం లేదక్కా. అలా ఉండనీ అంటున్నాను, అంతే."

"ఉండనీ అంటే అదే ఉంటుందా? ఏటా పెంకులు సర్దించాలి, చెదలకి మందు కొట్టించాలి, ఇంటిపన్ను కట్టాలి. నువ్వు రెండేళ్లకోసారి వచ్చి ఫొటోలు తీసుకుంటావు. మధ్యలో దాన్ని ఇల్లుగా ఉంచుతున్నది నేను."

వాయిదా వేయడం అంటే ఏ నిర్ణయమూ తీసుకోకపోవడం అనుకుంటారు. కానీ ఈ తరంలో రెండు సంతకాలతో పోయేది వచ్చే తరానికి నలుగురైదుగురి సంతకాలవుతుంది. విదేశంలో ఉన్నవాళ్లు కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఒక్కరు పలక్కపోయినా మిగతా అందరూ ఆగిపోతారు. పుట్టబోయేవాళ్ల పేరు చెప్పి దాచిన ఇల్లు వాళ్లకు అందేటప్పటికి దావాగా మారి ఉండే అవకాశమే ఎక్కువ.

తమ్ముడి చివరి అభ్యంతరం పన్ను. వారసత్వం రావడంపై ఇప్పుడు పన్ను లేదు. ఎస్టేట్ డ్యూటీ 1985లో రద్దయింది. అమ్మినప్పుడు మాత్రం లాభం మీద పడుతుంది. ఆ లాభాన్ని లెక్కగట్టే పద్ధతిలో ఒక వింత ఉంది. చివరిసారి డబ్బు పెట్టి కొన్న లేదా కట్టించిన మనిషి ఖర్చే వారసుడి ఖర్చు. ఇక్కడ అది తాత ఖర్చు, లేదా కోరుకుంటే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ. వారసత్వ చట్టం తాతనీ మనవణ్నీ విడదీస్తే, పన్ను చట్టం ఇద్దరినీ ఒకే చేయిగా చూస్తుంది. తమ్ముడి పూర్వపక్షానికి దొరికిన ఏకైక చట్టబద్ధమైన ఊతం, పాపం, పన్ను లెక్కలోనే ఉంది.

ఇక 1956 చట్టంలోనిదే 22వ సెక్షన్. వీలునామా లేకుండా కలిసి వారసులైన క్లాస్ వన్ వాళ్లలో, అంటే కొడుకులూ కూతుళ్లలాంటి మొదటి వరస వారసుల్లో, ఒకరు తన వాటా అమ్మదలిస్తే, దాన్ని ముందుగా కొనుక్కునే హక్కు తక్కినవాళ్లది. ధర కుదరకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. కొంటానని వచ్చినవాడు ఆ ధర విని వెనక్కి తగ్గితే దరఖాస్తు ఖర్చులు అతడే భరించాలి. అంటే మమకారానికి చట్టం మొదటి వరస ఇచ్చింది, అడ్డుకునే అధికారం ఇవ్వలేదు. ఇంటిని నిలబెట్టాలనుకునేవాడు అవతలివాళ్ల వాటాకు వెలకట్టి నిలబెట్టుకోవాలి.

"సరే, కొంటాను. తోడబుట్టినవాడికి కూడా బజారు ధరేనా?"

"ధర తరవాత మాట్లాడుకుందాం. ముందు నాన్న పోయినప్పటి నుంచి నేను పెట్టిన ఖర్చులో సగం లెక్క చూడు."

ఇద్దరూ ఒప్పుకుంటే బజారు ధరకు తక్కువైనా అడ్డులేదు. ఖర్చుల లెక్క సరిచూసి, కుదిరిన సొమ్ము ముట్టాక, అక్క తన సగానికి హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయిస్తే ఇల్లు తమ్ముడిదవుతుంది. పెంకులు సర్దించే పనీ అతడిదే.