శవయాత్ర యెవరికొఱకు?

మా మల్కాజ్‌గిరిలో మాయొద్ద చదువుకొనుచుండిన బాలు డొకడు తండ్రి పోయిన పిదప బడికి రాలేదు. విచారింపగా, దినవారములకై చేసిన యప్పు తీర్చుటకు పనిలో చేరెనని తెలిసినది. తండ్రిని గౌరవించుట ధర్మమే. కాని గౌరవము పేరిట జరుగు వైభవ మెవరికొఱకు? రాజుల శవయాత్రలను పరిశీలించినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

ఐరోపాలో అయిదవ చార్లెసు చక్రవర్తి 1558వ సంవత్సరము సెప్టెంబరులో స్పెయినుదేశమున నొక మఠముచెంత మరణించి అక్కడనే పూడ్చబడెను. ఆ డిసెంబరు 29వ తేదీన బ్రస్సెల్సు నగరమున నతనికి గొప్ప అంత్యయాత్ర జరిపిరి. అందులో శవము లేనే లేదు! దానికి మాఱుగా అతని విజయములను చిత్రించిన యోడయు, అతని రాజ్యముల పతాకములును, అలంకరించిన గుఱ్ఱములును సాగెను. నల్లని ముసుగుతో కుమారుడు ఫిలిప్పు నడచెను. మఱుసటి యేట ఆంట్వెర్పులో ప్లాంటెను అను ముద్రాపకుడు ఆ యాత్రనంతయు రాగిఱేకులపై చెక్కిన చిత్రములుగా ప్రకటించెను. వీధిలో నొకనాడు నడచినది కాగితముమీద దేశదేశములకు నడచెను. తండ్రి పోయినను అధికారము పోలేదని లోకమునకు చాటుటయే ఆ చిత్రముల పని.

మన హైదరాబాదులో దీనికి భిన్నమగు దృశ్యము కనబడినది. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను 1967 ఫిబ్రవరి 24వ తేదీన మరణించెను. అప్పటికి 1948లో పరిపాలనము, 1956లో రాజప్రముఖపదవియు పోయినవి. వారసునకు దక్కవలసిన రాజ్యము లేదు. అయినను జనులు తండోపతండములుగా కదలివచ్చిరి. కింగుకోఠి యెదుటి జూదీమసీదులో ఆయనను సమాధి చేసిరి. వచ్చినవారందఱును ప్రేమచేతనే వచ్చిరని మే మనజాలము. వింత చూడవచ్చినవారును, ఆ పాలనలో నష్టపడినవారును అందులో లేకపోరు. కాని రానివానిని దండించు రాజు మాత్రము ఆనాడు లేడు. దుఃఖమునకు విలువ వచ్చునది అక్కడనే.

ఇక మన యిండ్లలో దండించు రాజెవడు? “నలుగు రేమనుకొందురో” యను మాటయే ఆ రాజు. వానికి భయపడి వితంతువు నగలమ్ముచున్నది, పసివాడు పుస్తకము మూయుచున్నాడు. శవమును మోయుటకు నలుగురు మనుష్యులు చాలుదురు. ఆ నలుగురి మాటను మోయుటకో, ఇల్లు తాకట్టు పెట్టినను చాలదు. గృహస్థులారా, పోయినవారి పేర నొక బాలుని చదువు నిలుపుడు. అంతకుమించిన యుత్తరక్రియ మాకు తోచదు.