హేవ్‌లాక్ అను ఇంటిపేరు

మనుష్యుడు భూమినుండి పేరు గ్రహించుట ప్రాచీనమైన ఆచారము. తెలుగువారి ఇంటిపేర్లలో అనేకము గ్రామనామములే. పూర్వికులు విడిచివచ్చిన ఊరు సంతతివారి పేరునకు ముందు నిలిచి, ఆ వంశమెచ్చటనుండి కదలినదో తెలుపుచుండును. ఆంగ్లేయుల ఇంటిపేర్లును ఇట్లే కొన్ని ఊళ్లనుండి, కొన్ని వృత్తులనుండి, కొన్ని తండ్రిపేళ్లనుండి పుట్టినవి. గోదావరి మండలములో పూజ్యమైన కాటన్ నామమునకు దూదితో సంబంధము లేదు. గుడిసెలున్న చోటు అను అర్థముగల గ్రామనామమునుండి అది పుట్టినది. మనుష్యుడు తన ఇంటిపేరును భూమికిచ్చుట వేరొక విషయము. మొదటిది ఋణమును ఒప్పుకొనుట. రెండవది పెక్కుమార్లు అధికారమును చాటుకొనుట.

ఈ భేదము అండమాను దీవులలో స్పష్టముగా కానవచ్చును. దక్షిణ అండమానులోని మిన్నీ బే యొక్క పేరు ఆంగ్లస్త్రీలను ముద్దుగా పిలుచు పేరు. అది యున్న నగరమునకు 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని పేరు. నేడు శ్రీ విజయపురము. 1789లో ఈస్టిండియా కంపెనీ పక్షమున అచ్చట స్థావరము నెలకొల్పిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఇంటిపేరు ఆ నగరమునకు చిరకాలము నిలిచినది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారు తెలుగుదేశపు ఊళ్ల పేర్లను తమ ఇంటిపేర్లుగా వెంట తెచ్చుకొనిరి. ఇరుగుపొరుగువారితో హిందీలో మాటలాడుకొందురు. చుట్టునున్న దీవులను ఆంగ్లేయుల ఇంటిపేర్లతో పిలుచుటకు అలవాటుపడిరి. ఆ పేర్లలో అధికముగా ప్రసిద్ధికెక్కినది హేవ్‌లాక్.

ఆ నామము ఆంగ్లభాషలో పుట్టినది కాదు. ఉత్తర సముద్రమును దాటి ఇంగ్లండులో కాపురమున్న స్కాండినేవియా జనుల వ్యక్తినామమది. సముద్రక్రీడ అని దానికి పండితులు అర్థము చెప్పుదురు. మధ్యయుగపు ఆంగ్లకావ్యమొకదానిలో హేవ్‌లాక్ అను రాజకుమారుని కథ కలదు. అతనిని నీట ముంచి చంపుమని ఆజ్ఞ పొందిన జాలరియే అతనిని కాపాడి పెంచెను. రాజకుమారుడు మోతలు మోసి, వంటశాలలో ఊడిగము చేసి, తుదకు రాజ్యము పొందెను. అనగా ఆ పేరు మొదట ఒక దిక్కులేని శిశువు పేరు, పేదజాలరి దయచే బ్రతికినవాని పేరు.

అది లోకమంతట వ్యాపించుటకు కారణము మాత్రము దయ కాదు, యుద్ధము. 1795లో ఓడలు కట్టించు వ్యాపారి ఇంట జన్మించిన హెన్రీ హేవ్‌లాక్ కంపెనీ కాలపు భారతదేశమున సేనాని యయ్యెను. 1857 జూలైలో కాన్పూరును తిరిగి పట్టుకొనెను. సెప్టెంబరులో లక్నోకు చేరెను. నవంబరులో అచ్చటనే అతిసారముచే మరణించెను. ఇంగ్లండు అతనిని వీరునిగా కొలిచినది. 1861లో లండనులోని ట్రఫాల్గర్ చౌకులో విగ్రహము వెలసినది. కెనడాలోను న్యూజీలాండులోను ఊళ్లకు అతని పేరు పెట్టిరి. ఎండనుండి మెడను కాపాడుటకు సైనికులు టోపీకి తగిలించు గుడ్డకును అదియే పేరు. రాజమహేంద్రవరమున గోదావరిపై 1897 మొదలు 1900 వరకు కట్టిన 56 ఖానాల రైలు వంతెనకు ఆ ఇంటిపేరు వేరొక మార్గమున వచ్చినది. నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవ్‌లాక్ ఆ సేనాని అన్నకుమారుడు. 1997 వరకు రైళ్లు నడచిన ఆ వంతెనను తెలుగువారు ఆ పేరుతోనే పిలిచిరి.

ఒకే ఇంటిపేరు వంతెనమీద ఉన్నపుడు నొప్పించదు. దీవిమీద ఉన్నపుడేల నొప్పించును? 1858 మార్చిలో 200 మంది ఖైదీలతో అండమానులో శిక్షాస్థావరము ప్రారంభమైనది. తిరుగుబాటులో పాల్గొన్నవారిని అచ్చటికి పంపిరి. కాలాపానీ అను మాటకు ఉత్తరదేశమున కలిగిన భయము ఈ ప్రవాసమువలననే స్థిరపడినది. అట్టి ఖైదీలున్న సముద్రముననే హేవ్‌లాక్, నీల్, ఔట్రామ్, నికల్సన్ అను పేర్లు దీవులకు పెట్టబడినవి. వారందరు ఆ ఖైదీల పక్షమును ఓడించిన సేనానులే. ఓడినవాని చెరసాలచుట్టును గెలిచినవాని పేరు వ్రాయుట స్మరణము కాదు. అది రెండవ శిక్ష.

హేవ్‌లాక్ భక్తిపరుడు, ధైర్యశాలి అని వాదింపవచ్చును. అది నిజమే. అతని స్వగ్రామము అతనిని స్మరించుటలో తప్పు లేదు. కాని గుణవంతుడగుట వేరు, ఇతరుల నేలపై పేరుగా నిలుచు హక్కు వేరు. కాటన్ పేరును గోదావరి ప్రజలు నేటికిని తలంచుట ఆజ్ఞవలన కాదు. పంటపొలమునకు నీరు వచ్చినందున. నీల్ విగ్రహమును మద్రాసు వీథినుండి తీసివేయవలెనని 1927లో సత్యాగ్రహము జరిగినది. 1937లో అది తొలగినది. పేరు నిలుచుటకును తొలగుటకును తీర్పరి అచ్చట నివసించు ప్రజయే.

1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోసు పోర్ట్ బ్లెయిరులో జెండా ఎగురవేసెను. ఈ దీవులకు షహీద్, స్వరాజ్ అను పేర్లు అతడు తలపెట్టినవి. 2018లో సరిగా అదే తేదీన హేవ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీపమైనది, నీల్ దీవి షహీద్ ద్వీపమైనది. ఇది న్యాయమే. అయినను పేరు మార్చుటతో ఋణము తీరదు. ఆ పాతపేరు అచ్చట ఎందుకుండెనో మరచినచో, దానిక్రింద నలిగిన ఖైదీలను కూడ మరచినట్లే. మరియు బ్లెయిరునకు వేల ఏండ్ల పూర్వమునుండి అండమాను ఆదివాసులు ఆ అడవులలోను తీరములలోను జీవించిరి. పాతపేరు పెట్టినపుడును, క్రొత్తపేరు పెట్టినపుడును వారి మాటలలోనుండి పేరు గైకొన్నవారు లేరు.

అదే స్వరాజ్ ద్వీపమున రాధానగర్, గోవిందనగర్ అను గ్రామములు కలవు. దేశవిభజనచే ఇల్లు కోల్పోయి తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులు తమ ఇలవేల్పుల పేర్లతో వాటిని పిలుచుకొనిరి. వారు ఎవరిని జయించినట్లును చాటలేదు; నిలుచుటకు చోటు దొరకినదని మాత్రము చెప్పుకొనిరి. జాలరి చేతులలో బ్రతికిన ఆ శిశువు కథకు సేనాని కీర్తికంటె ఈ పేర్లే దగ్గరి చుట్టములు.