పగ తీరిన పిమ్మట

మనోవికారములలో పగ దీర్ఘాయువు గలది. కోపము పొంగి చల్లారును. పగ నివురు గప్పిన నిప్పువలె ఏండ్ల తరబడి నిలిచి యుండును. అన్యాయమునకు గురియైనవాడు ప్రతీకారము కోరుట సహజమే. అయితే పగ తీరిన పిమ్మట అతనికి లభించునది యేమి? ఈ ప్రశ్నను విచారించుటకు వినోదార్థము తీసిన కొన్ని విదేశీ చలనచిత్రములు తోడ్పడుననుట పాఠకులకు వింతగా తోచవచ్చును. కాని వానిలో ఈ ప్రశ్న స్పష్టముగా కానవచ్చుచున్నది.

1960వ దశకమున ఇటలీ దర్శకులు అమెరికా పశ్చిమ ప్రాంతపు కథలను తమ రీతిలో చిత్రించిరి. వానిలో పెక్కు స్పెయిన్ దేశమందలి ఆల్మెరియా ఎడారి ప్రాంతమున తీయబడినవి. సేమ్యాను పోలిన ఇటలీ వంటకము పేరు చేర్చి, వానిని ఎగతాళిగా ‘స్పాఘెట్టీ వెస్టర్న్’ లనిరి. ఆ పేరే స్థిరపడినది. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వమున కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ ఆ ఫక్కీని తెలుగువారికి పరిచయము చేసినది. ఈ కథాలోకమున న్యాయస్థానము దూరము, తుపాకి సమీపము. కావున పగయే అనేక కథలకు మూలమైనది.

సెర్జియో లియోనీ 1965లో తీసిన ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ చూడుడు. ఇండియో అను బందిపోటు చేసిన అత్యాచారము వలన కర్నల్ మార్టిమర్ సోదరి ఆత్మహత్య చేసికొనినది. ఆమె చిత్తరువు గల సంగీతపు గడియారము ఒకటి దోషి యొద్ద, అట్టిదే మరియొకటి సోదరుని యొద్ద ఉండును. ఇండియో కూలిన పిమ్మట మార్టిమర్ బహుమాన ధనమంతయు జతగానికి విడిచి, గుఱ్ఱమెక్కి ఒంటరిగా వెడలిపోవును. అతని నిస్పృహ మనకు గౌరవము కలిగించును. అయినను సోదరి తిరిగి రాలేదు.

ఆ దర్శకుడే 1968లో తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ మరింత లోతైనది. ఫ్రాంక్ అను క్రూరుడు ఒకప్పుడు ఒక బాలుని భుజములపై అతని అన్నను నిలిపి, అన్న మెడకు ఉరిత్రాడు తగిలించి, బాలుని నోట హార్మోనికా అను వాద్యమును క్రుక్కెను. బాలుడు కూలినచో అన్న ప్రాణము పోవును, అట్లే పోయినది. ఆ బాలుడు పెరిగి, ఆ వాద్యమును వెంట నుంచుకొని ఫ్రాంకును వెదకుచు వచ్చును. ‘నీవెవరవు?’ అని ఫ్రాంక్ అడిగినప్పుడు తన పేరు చెప్పక, ఫ్రాంక్ చంపినవారి పేర్లు చెప్పును. ఫ్రాంకును అతని యనుచరులే చంపబోగా ఈ పగవాడే కాపాడును! చివరకు ద్వంద్వయుద్ధమున గుండు తగిలి కూలిన ఫ్రాంక్ నోట ఆ వాద్యము నుంచును. అప్పుడు గాని ఫ్రాంకునకు జ్ఞప్తికి రాదు.

దీనిని బట్టి శత్రువు మరణమొక్కటియే పగవానికి చాలదని తెలియుచున్నది. తాను చేసిన దానిని శత్రువు గుర్తింపవలెను. చేసినవానికి మరపు సులభము, అనుభవించినవానికి అసాధ్యము. ఈ అసమానతయే పగకు బీజము. ఆ కోరికలో న్యాయము లేకపోలేదు. కాని గుర్తించిన క్షణముననే గుర్తించినవాడు మరణించుచున్నాడు. పశ్చాత్తాపమునకు గాని పరిహారమునకు గాని ఎడము లేదు. ఆ ఒక్క క్షణమునకు బాలుని జీవితమంతయు వెలగా చెల్లినది. అతనికి ఇల్లు లేదు. కథలో పేరైనను లేదు.

ధర్మమును కాపాడువారు లేనిచోట చేతులు ముడుచుకొని యుండవలెనా యని అడుగవచ్చును. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. సెర్జియో కోర్బుచీ 1968లో తీసిన ‘ది గ్రేట్ సైలెన్స్’లో భర్తను కోల్పోయిన స్త్రీ ఒక మూగ యోధుని ఆశ్రయించును. మనుష్యుల తలలకు వెలగట్టిన చట్టము హంతకుల పక్షముననే యున్నది. తుదకు యోధుడును, ఆమెయు, నిస్సహాయులైన నిర్వాసితులును హతులగుదురు. అన్యాయము వ్యవస్థలోనే యున్నప్పుడు ఒక్కని తుపాకి దానిని సరిదిద్దజాలదు.

వేరొక మార్గమును జూలియో పెట్రోనీ 1967లో తీసిన ‘డెత్ రైడ్స్ ఎ హార్స్’ చూపును. కుటుంబమును చంపినవారిని పదునైదేండ్ల పిమ్మట వెదకి చంపుచున్న బిల్ అను యువకునకు, తనకు తోడు నిలిచిన ర్యాన్ కూడ ఆనాటి ముఠావాడేయని తెలియును. మండుచున్న యింటి నుండి తన్ను బయటకు తెచ్చినవాడును అతడే. తుదకు వెన్ను చూపి నడచిపోవుచున్న ర్యాన్‌ను బిల్ కాల్చడు. దోషమును అతడు మరువలేదు. దోషిలోని మనుష్యుని చూచినాడు.

అన్యాయమును జ్ఞప్తి యందుంచుకొనుట తప్పు గాదు. దోషిని నిలదీయుట, న్యాయము నర్థించుట, తప్పును ఒప్పించుట కర్తవ్యములే. మన శేషజీవితమును దోషి చేతికి అప్పగించుట మాత్రము రెండవ నష్టము. దానిని మనకు మనమే కలిగించుకొనుచున్నాము. పిల్లలు ఇట్టి చిత్రములు చూచి తుపాకి వేగమును మెచ్చుకొనునప్పుడు తలిదండ్రులు ఒక్క మాట అడుగుట మేలు: కథ ముగిసిన పిమ్మట ఆ రౌతు ఎక్కడికి పోవుచున్నాడు? అతనికై ఎదురుచూచువారెవరు?