పూలు లేని పూల వాసన

నా టేబుల్ మీద నెలరోజులుగా రెండు శాంపిల్ సీసాలున్నాయి. ఒకటి జాయ్, ఇంకోటి డియోరిస్సిమో. అమ్మకి ఏదివ్వాలో తేలడం లేదు.

జాయ్‌ని 1930లో జాన్ పతూ కోసం ఆన్రీ అల్మెరాస్ చేశాడు. అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలిన మరుసటి ఏడాది! 30 మి.లీ.కి 10,600 జాస్మిన్ పూలు, 28 డజన్ల గులాబీలు పడతాయని ప్రకటనల్లో చెప్పుకునేవాళ్ళు. ఆ లెక్క ఎంత నమ్మాలో మన ఇష్టం గానీ, వాసన చూస్తే అతిశయోక్తి అనిపించదు. ఆ జాస్మిన్ వేరే ఏదో కాదు, మన జాజే. అందులో ఇండోల్ ఉంటుంది. మలంలోనూ అదే ఉంటుంది (నవ్వకండి, నిజం). పొద్దున్నే దిండు మీద నలిగిన పూలు ఎలా ఉంటాయో గుర్తుందా? అదీ జాయ్.

డియోరిస్సిమో కథ వేరు. 1956లో ఎడ్మండ్ రూడ్నిట్స్కా, లిలీ ఆఫ్ ది వ్యాలీ అనే చిన్న తెల్లపువ్వు వాసనని పట్టుకోవాలనుకున్నాడు. చిక్కేంటంటే ఆ పువ్వు నుంచి పనికొచ్చే అత్తరు రాదు. తోటలో మొక్కలు పెంచుకుని, వాసన చూసుకుంటూ, ల్యాబ్‌లో పుట్టిన పదార్థాలతో దాన్ని కట్టుకొచ్చాడు. సోర్స్ కోడ్ దొరకనప్పుడు ప్రోగ్రామ్ ఏం చేస్తుందో చూసి మళ్ళీ మొదట్నుంచి రాసినట్టు.

మామూలుగా అయితే ఇక్కడ అసలు, నకిలీ చర్చ మొదలవ్వాలి. నా సమస్య అది కాదు.

నాన్న పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచి అమ్మ పూలు పెట్టుకోదు. ఎవరూ వద్దనలేదు. పెట్టుకోమనీ అనలేదు, నాతో సహా. ఒక పెళ్ళిలో పూల పళ్ళెం ఆమె దాకా వచ్చి పక్కకి తిరిగిపోవడం చూశాను. ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను.

డియోరిస్సిమో ఇస్తే ఏ గొడవా ఉండదు. ఆ పువ్వు మన ఊళ్ళో పూయదు, దానిమీద నిషేధమూ లేదు. "సెంటేలే అమ్మా" అనేయొచ్చు. లూప్‌హోల్. కానీ ఆ నిషేధం పువ్వు మీదా, వాసన మీదా, ఆమె సంతోషం మీదా? మూడోదే అని నా అనుమానం. అలాంటప్పుడు లూప్‌హోల్ వెతకడమంటే ఆ రూల్‌కి తలవంచడమే కదా. పోనీ జాయ్ ఇస్తే, నా తిరుగుబాటుని తీసుకెళ్ళి ఆమె మణికట్టుకి పూసినట్టు. ఆమె జాజులు మానేసింది నలుగురి భయంతోనా, నాన్న మీద ప్రేమతోనా? అడక్కుండా ఏదిచ్చినా ఆమె బదులు నేను నిర్ణయించినట్టే.

మొన్న ఆదివారం రెండూ చెరో కాగితం ముక్క మీద కొట్టి, పేర్లు చెప్పకుండా ఇచ్చాను. డియోరిస్సిమో చూసి "బావుంది, మంచి సబ్బులా" అంది. రెండోది చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకుంది.

"ఇవి జాజులు కదరా."

అవునన్నాను. ఆ ముక్కని తను చదువుతున్న పుస్తకంలో పెట్టి మూసేసింది. ఎందుకు మానేశావని అడగడానికి అప్పటికీ నాకు నోరు రాలేదు.